అటకెక్కిన పెట్టెకు కొత్త కొలువు

మన ఇళ్లలో అటకకు ఒక ధర్మం వున్నది. పైకి వెళ్లిన వస్తువు మళ్లీ కిందికి దిగదు. నాయనమ్మ కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి గంగాళం, కాలు విరిగిన మడతకుర్చీ, తాతగారి వాల్వు రేడియో, అన్నీ అక్కడే దుమ్ముకొట్టుకుని సుఖంగా పడి వుంటాయి. అమ్మడానికి మనసొప్పదు, వాడడానికి వీలుపడదు. ఈమధ్య ఆ గుంపులో కొత్తగా చేరిన సభ్యుడు పాత కంప్యూటరు. అబ్బాయి ఇంజనీరింగు చదివే రోజుల్లో చీటీ పాడి కొన్నది. అబ్బాయి ఉద్యోగం దొరికి హైదరాబాదో హ్యూస్టనో వెళ్లిపోయాడు. వాడి కంప్యూటరు అటకెక్కింది.

దాని తెలివితేటలకు కాలం చెల్లిన మాట నిజమే. ఇవాళ మన అరచేతిలో వుండే ఫోను దానికంటె ఎన్నో రెట్లు చురుకైనది. కాని ఆ పెట్టె వెనకవైపు, పైమూలనో కిందిమూలనో, ఇటుకకంటె కాస్త పెద్ద ఇనపడబ్బా ఒకటి బిగించి వుంటుంది. దానికో చిన్న ఫాను, గోడప్లగ్గునుంచి తీగె వచ్చి దూరే చోటు, రెండోవైపు గుత్తులు గుత్తులుగా రంగురంగుల తీగెలు. దుకాణాలవాళ్లు దాన్ని ‘ఎస్‌.ఎం.పి.ఎస్‌.’ అంటారు. ఇంటికి వచ్చే 230 వోల్టుల కరెంటును కంప్యూటరు భరించగల 12, 5, 3.3 వోల్టులుగా మార్చిపెట్టడం దాని ఉద్యోగం. కంప్యూటరు పాతబడినంతమాత్రాన ఈ డబ్బా కూడా పనికిరాకుండా పోయిందనుకోకండి. యజమాని ఇల్లు ఖాళీచేసినా వంట మరచిపోని వంటవాడివంటిది అది. దానికి మరో కొలువు చూపించవచ్చు.

ఏమిటా కొలువంటారా? కాలేజీలో ఫిజిక్సు ప్రయోగశాల చూసినవారికి ‘బ్యాటరీ ఎలిమినేటర్‌’ గుర్తుండే వుంటుంది. ముందువైపు ఒక నాబు, ఒక మీటరు, ఎర్రదొకటి నల్లదొకటి రెండు టెర్మినళ్లు. నాబు తిప్పితే కావలసినన్ని వోల్టులు వస్తాయి. ఎలక్ట్రానిక్‌ సామాను బాగుచేసేవారికి అటువంటిది లేకపోతే చెయ్యి విరిగినట్టే. పిల్లల బొమ్మకారు 3 వోల్టులు అడుగుతుంది. సెల్‌ఫోను 4 దరిదాపుల్లో అడుగుతుంది. పాటల పెట్టెకు 5 కావాలి. ట్రాన్సిస్టరు రేడియో ఒకటి 3 అంటే మరొకటి 6 అంటుంది. ఒక్కొక్కదానికి ఒక్కొక్క బ్యాటరీ కొని పెట్టుకోవడం అయ్యే పని కాదు. అన్నిటికీ ఒకే పెట్టె వుండాలి. దానికి మరో గుణం కూడా వుండాలి: ‘ఇంతకు మించి కరెంటు పోనివ్వను’ అని పట్టుబట్టగలగాలి. ఆ పట్టుదల విలువ ఎంతో ముందు ముందు మీకే తెలుస్తుంది.

బుడమేరు మిగిల్చిన బల్ల

నేను కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయినవాణ్ణి. ఈ డబ్బాల గొడవలోకి నన్ను దింపింది బుడమేరు. విజయవాడవారికి 2024 సెప్టెంబరు మొదటి వారాన్ని ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. ఒకపక్క కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రకాశం బ్యారేజీ మీదికి వస్తూవుంటే, రెండోపక్క బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్‌నూ చుట్టుపక్కల పేటలనూ ముంచెత్తింది. రోజులతరబడి నీరు తియ్యలేదు. తీసిన తర్వాత ప్రతి గుమ్మం ముందూ పరుపులు, బీరువాలు, ఫ్రిజ్‌లు, టీవీలు బురదముద్దలై బజారున పడ్డాయి.

సింగ్‌నగర్‌లో నాకు చాలాకాలంగా తెలిసిన మెకానిక్‌ ఒకాయన వున్నాడు. రేడియోల కాలంనుంచి సెల్‌ఫోన్ల కాలందాకా ఏది తెచ్చిచ్చినా బాగుచేసి పంపే చెయ్యి. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. ఆ గదిలో ఛాతీలోతు నీళ్లు నిలిచాయి. సోల్డరింగు ఐరన్లు, మీటర్లు, ఇరవై ఏళ్లుగా వాడుతున్న ఎలిమినేటరు, జనం బాగుచేయించుకోవడానికి ఇచ్చి వెళ్లిన సామాను, అన్నీ పోయాయి. ఆయన కూతురు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్సు డిప్లొమా చదువుతున్నది. నీళ్లు తీసిన కొన్నాళ్లకు తండ్రీ కూతుళ్లు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు.

“మీటరు కొన్నాను. ఐరన్‌ కొన్నాను. ఎలిమినేటరు మాత్రం నాలుగంకెల మాటండీ,” అన్నాడాయన. “ముందు ఇంట్లోకి మంచం కొనాలా, బల్లమీదికి మిషను కొనాలా, మీరే చెప్పండి మాష్టారూ.”

“పాత కంప్యూటరు డబ్బాతో చెయ్యొచ్చటండీ,” అన్నది అమ్మాయి.

ఆయన దుకాణంలో మునిగిన కంప్యూటరొకటి వుంది. దాని డబ్బానే కడిగి ఎండబెట్టి వాడదామన్నాడు. నేను ససేమిరా వద్దన్నాను. పాఠకులు కూడా ఈ మాట పట్టించుకోవాలి. వరదనీళ్లంటే ఉత్త నీళ్లు కావు. ఒండ్రు, ఉప్పులు, మురుగు. నీరు ఆరిపోయినా అవి బోర్డుమీద పొరలా మిగులుతాయి. ట్రాన్స్‌ఫార్మరు చుట్ల సందుల్లోకి దూరిన తేమను ఎండ బయటికి లాగలేదు. ఇంటి కరెంటుకూ చేతికి తగిలే తీగెలకూ మధ్యనున్న అడ్డుగోడే అక్కడ బలహీనపడుతుంది. అటువంటి డబ్బా ఇవాళ పనిచేసినా రేపు చెయ్యి పెట్టినప్పుడు ఏం చేస్తుందో చెప్పలేము. మునిగిన డబ్బాకు తుక్కు బుట్టే గతి.

అదృష్టవశాత్తూ పటమటలో నాకు తెలిసిన ఆఫీసు ఒకటి పాత కంప్యూటర్లు మార్చుకున్నది. నీరు ఎరగని డబ్బాలు రెండు అడిగి తెచ్చాము.

లస్కరు న్యాయం

ఈ డబ్బాలోపల జరిగేదేమిటో కృష్ణా డెల్టావారికి చెప్పడం చాలా సులువు. 1855లో పూర్తయిన ఆనకట్టా, దాని తర్వాత 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ చేస్తూ వచ్చిన పనే ఇదీ చేస్తుంది. నీటిని నిలబెట్టడం, తలుపులు ఎత్తి వదలడం, కాలువలో మట్టం చూసుకోవడం, మొత్తం ఈ మూడే.

గోడప్లగ్గునుంచి వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతూ వుంటుంది. డబ్బా మొదట దాన్ని ఒకే దిక్కుకు మళ్లించి, లావుపాటి కెపాసిటర్లలో నిలవ చేస్తుంది. ఇదే మన బ్యారేజీ. ఇంటి కరెంటు 230 వోల్టులనేది ఒకవిధమైన సగటు లెక్క. ఆ అల శిఖరం 325 వోల్టులదాకా పోతుంది. కెపాసిటర్లలో నిలిచేది ఆ శిఖరమే. ఈ 325 అనే అంకెను దయచేసి గుర్తుంచుకోండి.

తర్వాత తలుపులు. ట్రాన్సిస్టర్లు ఆ నిలవను సెకనుకు పదుల వేలసార్లు తెరిచీ మూసీ ట్రాన్స్‌ఫార్మరులోకి వదులుతాయి. అంత తొందరెందుకంటే, వేగం పెరిగినకొద్దీ ట్రాన్స్‌ఫార్మరు చిన్నదైపోతుంది. పాత ఎలిమినేటరులో 50 సార్ల ఊపుతో పనిచేసే ట్రాన్స్‌ఫార్మరు రోకటిబండలా వుండేది. ఇందులో పిడికిట్లో ఇమిడేది రెండు వందల వాట్లు మోస్తుంది. ఈ పద్ధతిని ఇళ్లలోకి వచ్చిన కంప్యూటర్లలో పేరుకెక్కించినది 1977 నాటి ‘ఆపిల్‌ 2’. దాని పవర్‌ సప్లయిని రూపొందించినవాడు రాడ్‌ హోల్ట్‌ అనే ఇంజనీరు. 1995లో ఇంటెల్‌ కంపెనీ ‘ఏ.టి.ఎక్స్‌.’ అనే ప్రమాణం తెచ్చింది. అందుకే ఇప్పుడు ఎవరు తయారుచేసిన డబ్బా అయినా సాధారణంగా పసుపు తీగె 12 వోల్టులు, ఎరుపు 5, నారింజ 3.3, నలుపు నెగటివు. మన పనికి ఇది గొప్ప సదుపాయం.

ఇక మూడవది, మట్టం చూడడం. లాకుల దగ్గర లస్కరు చేసే పని చాలామంది చూసే వుంటారు. కాలువలో అంకెలు వేసిన కొలబద్ద నిలబెట్టి వుంటుంది. మట్టం తగ్గితే తలుపు ఇంకాస్త ఎత్తుతాడు. పెరిగితే దించుతాడు. ఎగువన నది ఎంత పొంగినా దిగువన కాలువ ఒకే తీరున పారుతుంది. ఈ డబ్బాలో లస్కరు ఒక చిన్న చిప్పు. చాలా పాత డబ్బాల్లో దాని పేరు టి.ఎల్‌.494.

ఈ లస్కరు దగ్గరో విశేషం వుంది. బయటికి వచ్చే వోల్టేజిని ఆయన సాంతం చూడడు. రెండు రెసిస్టెన్సులు దాన్ని భాగించి, ఒక వంతు మాత్రం ఆయనకు చూపిస్తాయి. ఆ వంతు తన దగ్గరున్న ప్రమాణంతో సరిపోయిందా లేదా అన్నదే ఆయన లెక్క. ప్రమాణం 2.5 వోల్టులనుకుందాం. వచ్చినదాంట్లో సగం చూపిస్తే, 5 వోల్టులు రాగానే ఆయన తృప్తిపడతాడు. నాలుగోవంతే చూపిస్తే 10 వచ్చేదాకా తలుపు ఎత్తుతూనే వుంటాడు. ఆరోవంతు చూపిస్తే 15. కొలబద్దమీద అంకెలు మార్చి రాస్తే కాలువమట్టం మారినట్టన్నమాట! ఆ రెండు రెసిస్టెన్సుల్లో ఒకదాని బదులు తిప్పే నాబు పెడితే, నాబుతోపాటు వోల్టేజీ తిరుగుతుంది. ఇంతకూ సర్దుబాటు పవర్‌ సప్లయి రహస్యమంతా ఇదే.

మూత తియ్యాలా, వద్దా?

“మరి ఇంకేమండీ? మూత తీసి ఆ రెసిస్టెన్సు మార్చేస్తే సరి. వీడియోల్లో అందరూ అలాగే చేస్తున్నారు,” అన్నది అమ్మాయి, స్క్రూడ్రైవరు చేతబట్టుకుని.

ఆమె చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ప్రపంచంలో ఎందరో అలాగే చేశారు. కాని ఆ పని ఒక్క రెసిస్టెన్సుతో తేలదు. 12 వోల్టుల దారిలో వుండే కెపాసిటర్లు సాధారణంగా 16 వోల్టులకు మించి ఓర్చవు, దాటితే పేలతాయి. కాబట్టి వాటిని మార్చాలి. ఫాను కూడా ఆ దారిమీదే బతుకుతుంది. 3 వోల్టులకు దించితే అది ఆగిపోతుంది. దానికి వేరే దారి చూడాలి. 5, 12 వోల్టులు ఒకే ట్రాన్స్‌ఫార్మరునుంచి వస్తాయి గనుక ఒకటి పెంచితే రెండోదీ పెరుగుతుంది. హద్దు మీరితే డబ్బాను ఆపేసే కాపలా ఒకటి లోపల వుంటుంది, దాన్ని ఏమార్చాలి. ఏమార్చిన కాపలా రేపు నిజంగా ఆపద వచ్చినప్పుడు కూడా పలకదు. పైగా ఒక కంపెనీ బోర్డు వున్నట్టు మరొకటి వుండదు.

వీటన్నిటినీ మించినది ఆ 325. ప్లగ్గు పీకిన తర్వాత కూడా కెపాసిటర్లు కొంతసేపు ఆ నిలవను పట్టుకునే వుంటాయి. దాన్ని ఖాళీచేసే రెసిస్టెన్సు చెడిపోయి వుంటే ఎంతసేపు పట్టుకుంటాయో చెప్పలేము. కొన్ని బోర్డుల్లో వేడి లాగడానికి పెట్టిన అల్యూమినియం రేకులకే ఆ వోల్టేజి తగిలి వుంటుంది. మార్పులు చేసేవారు కరెంటు వుండగానే మీటరు ముల్లు పెట్టి చూడక తప్పదు. చెయ్యి జారితే రెండో అవకాశం వుండదు.

ఇంతవరకూ పలకని మెకానిక్‌ అప్పుడు నోరు విప్పాడు. “నీళ్లు తీసిన పదోరోజున గోడకు చెయ్యి ఆనిస్తే జివ్వుమని లాగింది మాష్టారూ. తడిసిన గోడలు గదండీ! ఆనాటినుంచీ ఈ పిల్ల ప్లగ్గు దగ్గరికి పోతే నా ప్రాణం నా దగ్గర వుండటం లేదు.”

“అయితే నేర్చుకోవద్దంటావా నాన్నా?” అన్నది అమ్మాయి.

ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు. పిల్లలు కరెంటు పనిలో చెయ్యి పెడతామన్న ప్రతి ఇంట్లోనూ ఇది వస్తుంది. ‘వద్దు’ అంటే పిల్లల చెయ్యి ఎప్పటికీ తిరగదు. ‘నీ ఇష్టం’ అంటే పెద్దలమన్న మాటకు అర్థం లేదు. నేను ఆమెతో అన్నది ఇది: “నేర్చుకోవాలమ్మా. కాని ఆ లస్కరు 325 వోల్టుల దగ్గర మాత్రమే వుంటాడని ఎవరు చెప్పారు? 12 వోల్టుల దగ్గర కూడా వుంటాడు. ముందు అక్కడ పరిచయం చేసుకో. మూత తీసే పాఠం మీ కాలేజీ ప్రయోగశాలలో, మీ లెక్చరరు పక్కన వుండగా, ఐసొలేషన్‌ ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకుని చెయ్యి. ఇవాళ మనకు కావలసింది నాన్న బల్లమీద పనిచేసే పెట్టె.”

ఆమె కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత స్క్రూడ్రైవరు కింద పెట్టింది.

మూత తియ్యకుండా చేసిన పని

డబ్బామీది చీటీలో ‘12 వోల్టులు, 16 ఆంపియర్లు’ అని వుంది. అంటే 192 వాట్లు. ఆ తీగెలు రెండూ పొరపాటున తగిలి, లోపలి కాపలా వెంటనే మేల్కోకపోతే, సన్నపు తీగె కాలి తొడుగు కరిగిపోతుంది. తక్కువ వోల్టేజీ గదా అని అశ్రద్ధ చేయకూడదు.

మొదటిసారి కరెంటు నేరుగా ఇవ్వలేదు. పాతకాలపు మెకానిక్‌లందరి దగ్గరా వుండే ‘సీరీస్‌ బోర్డు’ మీద, వంద వాట్ల ఫిలమెంటు బల్బు ద్వారా ఇచ్చాము. బల్బు క్షణకాలం మెరిసి ఆరిపోయింది. వెలుగుతూనే వుంటే లోపల షార్టు వున్నట్టు లెక్క. మాది మంచి డబ్బాయే.

కంప్యూటరు అడిగితే తప్ప ఈ డబ్బా మేలుకోదు. ఆకుపచ్చ తీగె నల్ల తీగెను తాకితే అదే అడగడం. ఆ రెంటి మధ్యా చిన్న స్విచ్చి పెట్టాము. పాత డబ్బాలకు మరొక పేచీ వుంది: 5 వోల్టుల దారిమీద ఏదో ఒక బరువు లేకపోతే 12 వోల్టులు నిలకడగా వుండవు. అందుకని ఎరుపుకూ నలుపుకూ మధ్య 10 ఓముల, 10 వాట్ల రెసిస్టెన్సు ఒకటి తగిలించాము. అది ఎప్పుడూ అర ఆంపియరు తింటూ వుంటుంది. రెండున్నర వాట్ల వేడి పుడుతుంది గనుక దాన్ని ఫాను గాలికి ఎదురుగా, తీగెలకు తగలకుండా బిగించాము. నారింజ తీగెతో కలిసి సన్నని గోధుమరంగు తీగె ఒకటి వస్తుంది. అది 3.3 వోల్టుల దారికి కొలబద్ద. దాన్ని విడదీస్తే డబ్బా మొండికేస్తుంది. పనికిరావని తీగెలన్నీ కత్తిరించేవారు దాన్ని మాత్రం నారింజతో కలిపే వుంచాలి.

పసుపు తీగెలు మూడు కలిపి, నల్లవి మూడు కలిపి బయటికి తెచ్చాము. మిగిలినవాటి కొసలకు ఒక్కొక్కదానికీ విడివిడిగా స్లీవు తొడిగాము. పసుపు దారిలో 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాము. దాని తర్వాత వచ్చేది అసలు యంత్రం: ఎక్స్‌.ఎల్‌.4015 అనే చిప్పుతో వచ్చే చిన్న మాడ్యూలు. ఎలక్ట్రానిక్‌ సామాను అమ్మే దుకాణాల్లో కొన్ని వందల రూపాయల్లో వస్తుంది. 12 వోల్టులు తీసికొని, 1.25నుంచి 10 వోల్టులదాకా మనం ఎంత అడిగితే అంత ఇస్తుంది.

ఇందులోనూ అదే లస్కరు వున్నాడు. తలుపు తెరవడం, మూయడం, వంతు చూసి తృప్తిపడడం, అన్నీ అవే. అమ్మాయి మాడ్యూలుమీది చిన్న మరను ఒక్కొక్క చుట్టే తిప్పుతూ, లస్కరుకు చూపే వంతునూ బయటికి వచ్చే వోల్టేజీనీ మీటరుతో కొలిచి, నోటుపుస్తకంలో పట్టిక వేసుకున్నది. వంతు చూపే చోట అంకె మారదు. బయటి అంకె మాత్రం తిరుగుతూ వుంటుంది. నేను మాటలతో చెప్పినది ఆమె చేతితో చూసింది. చెయ్యి తగిలినా ప్రాణభయం లేనిచోట చూసింది.

మాడ్యూలుమీద మరలు రెండున్నాయి. ఒకటి వోల్టేజికి, రెండోది కరెంటు హద్దుకు. రెంటినీ ఊడదీసి, అదే విలువగల పెద్ద నాబులు తీగెలతో ముందు పలకమీదికి తెచ్చాము. పక్కనే వోల్టులూ ఆంపియర్లూ రెండూ చూపే మీటరు, ఎర్ర టెర్మినలు, నల్ల టెర్మినలు. చెక్కపెట్టెకు గాలి ఆడే కన్నాలు పెట్టి అన్నిటినీ అందులో అమర్చాడు మెకానిక్‌. పరీక్షకు 12 వోల్టుల 21 వాట్ల కారు బల్బు తెచ్చాడు. నాబు తిప్పుతూవుంటే బల్బు ఎర్రగా, పసుపుగా, తెల్లగా వెలుగుతూ వచ్చింది. పది వోల్టుల దగ్గర మీటరు ఒకటిన్నర ఆంపియర్లు చూపింది. అరగంట వదిలేసినా అంకె కదల్లేదు.

బల్లమీద మొదటి బేరం

మొదట వచ్చిన సామాను ఒక భక్తిపాటల పెట్టె. వరదకు ముందే పాడయిందట. అందులోకి మామూలు 5 వోల్టులు నేరుగా ఇస్తే, లోపల షార్టు వుంటే బోర్డు మాడిపోతుంది. ఇక్కడే ఆ పట్టుదల సంగతి చెప్పాలి. మెకానిక్‌ ముందు రెండు టెర్మినళ్లూ తీగెతో కలిపి, కరెంటు నాబును మీటరుమీద 0.2 ఆంపియర్లు కనిపించేవరకు తిప్పి ఆపాడు. ఇక ఏమి జరిగినా అంతకుమించి పోదు. తీగె తీసేసి వోల్టేజీని వీలైనంత కిందికి దించి, పాటల పెట్టెను తగిలించి మెల్లగా పెంచాడు. ఒక వోల్టు కాకముందే కరెంటు హద్దుకు చేరి ఆగింది. షార్టన్న సంగతి తేలిపోయింది. హద్దును కొద్దికొద్దిగా పెంచుతూ వేలితో తడిమితే, మెంతిగింజంత కెపాసిటరొకటి వెచ్చబడింది. దాన్ని తీసి కొత్తది వేయగానే పాటల పెట్టె పాడింది. బోర్డు చెక్కుచెదరలేదు.

ఈ పెట్టెకు చేతకానివి కూడా వున్నాయి. 10 వోల్టులకు మించి కావాలంటే వోల్టేజి పెంచే మరో రకం మాడ్యూలు వేయాలి. చిప్పు 5 ఆంపియర్లని చెప్పుకున్నా, చిన్న మాడ్యూలు వేడెక్కిపోతుంది గనుక మేము 3 దగ్గర ఆపాము. మీడియం వేవ్‌ రేడియోను దీనితో పరీక్షిస్తే గరగరమని చప్పుడు వినిపిస్తుంది. అది రేడియో జబ్బు కాదు. సెకనుకు వేలసార్లు కొట్టుకునే మన తలుపుల చప్పుడే. రేడియో వరకు బ్యాటరీయే మేలు.

మరొక సంగతి చాలామందికి తెలియదు. డబ్బా నల్ల తీగె లోపల ఇనప ఒంటికీ, దానినుంచి గోడప్లగ్గులోని ఎర్తుకూ కలిసి వుంటుంది. మాడ్యూలు కరెంటును కొలిచేది నెగటివు దారిలోనే. కాబట్టి మాడ్యూలులోకి వెళ్లే నెగటివూ బయటికి వచ్చే నెగటివూ ఒకటి కావు. వాటిని కలిపినా, బయటి నెగటివును ఎర్తయిన మరో యంత్రానికి తగిలించినా, కరెంటు కొలత తప్పించుకుని పోతుంది; మనం పెట్టిన హద్దు మాటవరసకే మిగులుతుంది. అందుకే చెక్కపెట్టె వాడాము. నల్ల టెర్మినలును ఏ ఇనప ముక్కకూ తగలనివ్వలేదు. గోడప్లగ్గుకు మాత్రం మూడో కాలు, అంటే ఎర్తు, సరిగా వుండి తీరాలి.

ఇంట్లో పిల్లలు ఇటువంటి పని తలపెడితే పెద్దలు అడ్డుపడనక్కరలేదు. నాలుగు మాటలు మాత్రం చెప్పండి. నీళ్లలో మునిగిన డబ్బా వద్దు. ఇనప మూత తియ్యవద్దు. ఫ్యూజు లేకుండా తీగె బయటికి తేవద్దు. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు పెద్దవారొకరు స్విచ్చి దగ్గర నిలబడండి. డబ్బా తీయగా మిగిలిన కంప్యూటరును చెత్తబండిలో వేయకండి, తగలబెట్టనివ్వకండి. 2023 ఏప్రిల్‌ 1నుంచి అమలులోకి వచ్చిన ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం అటువంటి సామాను రిజిస్టరయిన రీసైక్లింగువారికి చేరాలి.

సింగ్‌నగర్‌ బల్లమీద ఆ చెక్కపెట్టె ఇప్పుడు రోజూ పనిచేస్తున్నది. ‘10 వోల్టులు, 3 ఆంపియర్లు, లోపలి ఇనప మూత తీయరాదు’ అని అమ్మాయి గుండ్రని అక్షరాలతో చీటీ రాసి అంటించింది. పటమటనుంచి తెచ్చిన రెండో డబ్బా మాత్రం ఆమె దగ్గరే వుంది. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా దాని మూత ప్రయోగశాలలో తీయడానికి లెక్చరరుగారు ఒప్పుకున్నారట. టి.ఎల్‌.494 కాళ్లు పదహారింటిలో ఏది ఎందుకో ఇప్పటికే కాగితంమీద గీసుకున్నది. ఆ కాగితం మొన్న నాకు చూపించి, “ఇందులో తప్పులుంటే చెప్పండి మాష్టారూ,” అన్నది. తండ్రి పక్కనే నిలబడి, నాకంటె ముందు తానే వంగి చూస్తున్నాడు.